నీళ్లు తాగమంటున్నారు సరే, ఏ నీళ్లు?

పోయిన ఎండాకాలం మన్యంలో ఒక వారపు సంత దగ్గర ఆరోగ్యం మీద అవగాహన సభ పెట్టారు. షామియానా, మైకు, ఫ్లెక్సీ అన్నీ వచ్చాయి. గిరిజనులు తీపి సీసాలకు అలవాటుపడి పిల్లల పళ్లు పాడుచేస్తున్నారనీ, చిన్న వయసులోనే చక్కెర జబ్బు కొనితెచ్చుకుంటున్నారనీ, ఇకమీదట మంచినీళ్లే తాగాలనీ ఒక పెద్దమనిషి అరగంటసేపు చెప్పాడు. చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. కాని ఆయన ముందున్న బల్లమీద అతిథులకని తెచ్చిన ఎర్రవీ నల్లవీ కూల్‌డ్రింకు సీసాలు చెమటలు కారుతూ వరసగా నిలబడి వున్నాయి. వెనక నుంచి ఒక ముసలమ్మ లేచి, "బాబూ, నీరు తాగమంటన్నారు, బాగుంది. మా వూరి నీరు ఒక గలాసుడు తెచ్చిత్తాను, ముందు తమరు తాగండి" అన్నది. జనం నవ్వారు. సభ కాస్త ముందుగానే ముగిసింది.

ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్న ఒక్క మన మన్యానిది కాదు. భూములు పోగొట్టుకున్న ఆదివాసులు ప్రపంచంలో ఎక్కడ వున్నా ఈ తీపి సీసా వాళ్ల గుమ్మంలోకి వచ్చి కూచుంది. మెక్సికోలో చియాపాస్ కొండల్లో వుంది, అమెరికాలో నవాహో జాతి వారి నేలమీద వుంది. ఈ వారం ఆస్ట్రేలియా ఆదివాసుల సంగతి చెప్పుకుందాం. ఎందుకంటే అది మనబోటి పాలేర్ల, కూలీల కథ. రెండోది, అక్కడ బోధ, బలవంతం, జనం సొంత నిర్ణయం మూడూ జరిగాయి. ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో దుకాణం లెక్కల్లోనే తేలింది.

జీతానికి బదులు చక్కెర

ఆస్ట్రేలియా ఆదివాసులకు తీపి తెలియదని కాదు. ఎడారిలో నేల తవ్వి తేనెచీమల్ని తీసేవారు. అడవి తేనె పట్టేవారు. తేనె నిండిన పూలను నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు తాగేవారు. మన కొండల్లో తేనె తీసేవాళ్లకు ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ తీపి కాలాన్నిబట్టి దొరికేది, దానికోసం మైళ్లు నడవాలి. రోజూ డబ్బాలో వుండే తీపి కాదు అది.

తెల్లవాళ్లు వచ్చి ఆ నేలను పశువుల ఎస్టేట్లు చేసుకున్నారు. నేల సొంతదారులు అదే నేలమీద పాలేర్లయ్యారు. వాళ్లకు ముట్టజెప్పింది ఏమిటి? బత్తెం. పిండి, ఉప్పు వేసిన మాంసం, టీపొడి, చక్కెర, పొగాకు. చేతికి డబ్బు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. తరాల తరబడి ఒక జాతి జాతికంతా చక్కెరను జీతం కింద కొలిచి పోశారు. ఇవాళ "వీళ్లకు తీపి పిచ్చి" అని వెక్కిరించే పెద్దలు ఈ సంగతి చెప్పరు.

ఆ పాలేర్లు నోరు మూసుకుని వున్నారనుకోవద్దు. 1946 మే 1న, మేడే నాడే, పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో కొన్ని వందలమంది ఆదివాసీ కార్మికులు గొర్రెల ఎస్టేట్లలో పని ఆపేశారు. ఆ సమ్మె ఏళ్లు సాగింది. 1966 ఆగస్టు 23న ఉత్తర ప్రాంతంలో వేవ్‌హిల్ అనే ఎస్టేటు నుంచి గురిండ్జి తెగవాళ్లు, పశువుల కాపర్లూ ఇంటిపనివాళ్లూ పిల్లాపాపలతో సహా దాదాపు రెండువందలమంది, విన్సెంట్ లింగియారి నాయకత్వాన నడుచుకుంటూ బయటికి వచ్చేశారు. ఆ ఎస్టేటు ఇంగ్లండులోని వెస్టీ ప్రభువులది. ఆ ఏడాది మార్చిలోనే అక్కడి కార్మిక కమిషన్ ఆదివాసీ కాపర్లకూ సమాన వేతనం ఇవ్వాలని తీర్పు చెప్పింది. చెప్పి, అమలు మాత్రం 1968 డిసెంబరు దాకా వాయిదా వేసింది! యజమానులు తట్టుకోవాలి గదా అని. గురిండ్జి వాళ్లు కూలితో ఆగలేదు, మా నేల మాకివ్వండన్నారు. తొమ్మిదేళ్లు కూచున్నారు. 1975 ఆగస్టులో అప్పటి ప్రధాని విట్లామ్ వచ్చి గుప్పెడు మట్టి తీసి లింగియారి చేతిలో పోశాడు.

ఇక సమాన కూలి తీర్పు అమల్లోకి వచ్చేసరికి చాలా ఎస్టేట్ల యజమానులు ఏంచేశారు? కూలి పెంచడానికి బదులు మనుషుల్నే వెళ్లగొట్టారు. పనీ పోయింది, నేలా లేదు. వూళ్ల అంచుల్లో, ప్రభుత్వం కట్టిన ఆవాసాల్లో పడ్డారు. బత్తెం పోయి సర్కారు సాయం డబ్బులు వచ్చాయి. బత్తెం కొట్టు స్థానంలో దుకాణం వచ్చింది. టీలో వేసుకునే చక్కెర సీసాలో కరిగి, చల్లగా, గ్యాసు పట్టి, రంగువేసుకుని వచ్చింది.

ఇక్కడ మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఆస్ట్రేలియాలో చక్కెర వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సి.ఎస్.ఆర్. అనే కంపెనీయే ఫిజీ దీవుల్లో చెరుకు మిల్లులు నడిపింది. ఆ చెరుకు తోటల్లోకి 1879 నుంచి 1916 దాకా దాదాపు 60 వేలమంది భారతీయుల్ని ఒప్పంద కూలీలుగా ఓడలెక్కించారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి వెళ్లిన ఓడల్లో మన విశాఖ, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ వున్నారు. చక్కెర చరిత్రలో ఒక చివర కొరడా కింద మనవాడు, ఇంకో చివర బత్తెం సంచితో ఆదివాసి. మధ్యలో లాభం తిన్నవాడు మాత్రం ఒక్కడే.

ఒకే దుకాణం, ఉప్పు నీళ్లు

లెక్కలోకి వద్దాం. ఆరువందల మిల్లీలీటర్ల కోలా సీసాలో దాదాపు 64 గ్రాముల చక్కెర వుంటుంది. అంటే పదహారు చెంచాలు. పెద్దవాళ్లకైనా రోజు మొత్తంమీద తిండిలో కలిపే చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు వుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక్క సీసాతోనే గీత దాటిపోయింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2012–13లో జరిపిన సర్వేలో, అడిగిన రోజుకు ముందురోజు చక్కెర పానీయం తాగినవాళ్లు ఆదివాసుల్లో వందకు 50 మంది అని తేలింది, మిగతా జనంలో 34 మంది. చక్కెర జబ్బు ఆదివాసుల్లో సుమారు మూడురెట్లు ఎక్కువ. దాని వెనకాలే మూత్రపిండాల జబ్బు.

ఈ జబ్బుతో ఎడారి నడుమ కింటోర్ అనే వూళ్లో పెద్దలు పడిన బాధ వినండి. డయాలిసిస్ కావాలంటే ఐదువందల కిలోమీటర్ల పైన వున్న ఎలిస్ స్ప్రింగ్స్ పట్నంలో కాపురం పెట్టాలి. వారానికి మూడుసార్లు యంత్రానికి కట్టుబడి, అయినవాళ్లకు దూరంగా, అక్కడే చావాలి. ప్రభుత్వాన్ని అడిగి అడిగి విసిగిపోయి, తమ చిత్రకారులంతా కలిసి పెద్ద పెద్ద బొమ్మలు గీశారు. 2000 సంవత్సరం నవంబరులో సిడ్నీలో వాటిని వేలం వేస్తే పదిలక్షల డాలర్ల పైన వచ్చింది. ఆ డబ్బుతో సొంత సంస్థ పెట్టుకుని, 2004లో తమ వూళ్లోనే డయాలిసిస్ యంత్రం పెట్టించుకున్నారు. ఆ తర్వాత అలాంటివి ఎన్నో వూళ్లకు వెళ్లాయి. బొమ్మలమ్ముకుని యంత్రం కొనుక్కున్న జాతిని పట్టుకుని "వీళ్లకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు" అనడానికి ఎంత గుండె కావాలి!

మరి తాగడం ఎందుకు మానరు? మారుమూల ఆవాసంలో దుకాణం ఒక్కటే. సరుకు వందల మైళ్లనుంచి లారీలో వస్తుంది, వానాకాలంలో దారులు మూసుకుపోతే పడవలో, విమానంలో వస్తుంది. పండ్లు కూరగాయలు దారిలోనే వాడిపోతాయి, ధర మండిపోతుంది. సీసా వాడిపోదు, కుళ్లదు. అమ్మేవాడికి దానంత సుఖమైన సరుకు లేదు. అందుకే తలుపు తియ్యగానే ఎదురుగా దాని ఫ్రిజ్ వుంటుంది.

ఇక కుళాయి. న్యూసౌత్ వేల్స్ రాష్ట్రంలో వాల్గెట్ అనే వూరు వుంది, ఆదివాసులు ఎక్కువ. రెండు నదులు కలిసే చోటు అది. అలాంటి వూళ్లో నీళ్లకు కరువేమిటంటారా? కరువు ఒకపక్క, ఎగువన పెద్ద పెద్ద పత్తి కమతాలు నీళ్లు తోడుకోవడం ఒకపక్క, రెండూ కలిసి నదులు ఎండాయి. 2018 నుంచి లోతు బోరు నీళ్లు వదిలారు. ఆ నీళ్లలో సోడియం ఎక్కువ, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు వున్నవాళ్లకు పనికిరానివి. అంటే ఆ వూళ్లో ఎక్కువమందికి పనికిరానివి. ఉత్తర ప్రాంతంలో లరాంబా అనే ఆవాసంలో ఇంకా ఘోరం. కుళాయి నీళ్లలో హద్దుకు మించి యురేనియం! సర్కారీ ఇళ్లలో అద్దెకున్న జనం ట్రిబ్యునల్‌కు వెళ్తే, నీళ్లలో యురేనియం వుండటం ఇల్లు అద్దెకిచ్చినవాడి బాధ్యత కాదని 2020లో చెప్పారు. నీళ్లు శుద్ధిచేసే యంత్రం 2023లో గాని రాలేదు. అలాంటి కుళాయి పక్కన నిలబెట్టి పిల్లవాడికి "నీళ్లు తాగు నాయనా" అని ఏ తల్లి చెప్పగలదు?

పైనుంచి కట్టడి, కిందనుంచి నిర్ణయం

2007లో అప్పటి హవార్డ్ ప్రభుత్వం ఉత్తర ప్రాంతంలోని ఆదివాసీ ఆవాసాలమీద ‘అత్యవసర చర్య’ పేరుతో సైన్యాన్నీ, అధికారుల్నీ దించింది. జాతివివక్ష నిషేధ చట్టాన్ని పక్కన పెట్టిమరీ చేశారు ఆ పని. సర్కారు సాయం డబ్బులో సగం చేతికివ్వకుండా పట్టిపెట్టి, ఫలానా దుకాణాల్లో ఫలానా సరుకులకే వాడాలన్నారు. ఇలా చేస్తే మంచి తిండి కొంటారు, పొగాకూ తీపీ తగ్గిస్తారని చెప్పారు. తర్వాత పరిశోధకులు పది దుకాణాల అమ్మకాల లెక్కలు తీసి 2010లో ప్రచురించారు. పొగాకు తగ్గలేదు, కూల్‌డ్రింకు తగ్గలేదు, పండ్లూ కూరగాయలూ పెరగలేదు. మనిషి చేతిలో డబ్బును బిగించారేగాని, దుకాణంలో ధరనూ కుళాయిలో నీళ్లనూ ముట్టుకోలేదు. ఫలితం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇప్పుడు రెండో దారి చూడండి. ఆర్న్‌హెం లాండులో 1972 నుంచి ఆదివాసుల సొంత దుకాణాల సంఘం ఒకటి వుంది. వచ్చిన మిగులు కంపెనీకి పోదు, సంఘానికే. కూరగాయలమీద రవాణా ఖర్చు తగ్గించి అమ్మడం వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు. ఈ సంఘం 2018లో పరిశోధకులతో కలిసి, తాను నడిపే, తనతో కలిసి పనిచేసే ఇరవై దుకాణాల్లో ఒక ప్రయోగానికి ఒప్పుకుంది. సగం దుకాణాల్లో పన్నెండు వారాలపాటు తీపి పానీయాల బోర్డులు తీసేశారు, ఫ్రిజ్‌లోంచి పెద్ద సీసాలు తీసేశారు, ఎదురుగా నీళ్లు పెట్టారు. ఎవర్నీ కొనొద్దనలేదు. మొత్తం అమ్మకాల్లో చక్కెర దాదాపు 3 శాతం తగ్గింది, దుకాణం రాబడికి దెబ్బ తగల్లేదు. మూడు శాతం అంటే పెద్ద విజయం కాదు, ఆ మాట ఒప్పుకుందాం. కాని సైన్యాన్ని దించి, డబ్బు పట్టిపెట్టి చెయ్యలేనిది, సీసాను కంటి ఎదురునుంచి పక్కకు జరిపితే కొంతైనా జరిగింది.

దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో అమాటా అనే వూరివాళ్లు ఇంకో అడుగు వేశారు. కోలా వంటి బాగా చక్కెర వున్న సీసాలు తమ దుకాణంలో అసలు వద్దని తామే కూచుని తీర్మానించుకున్నారు. అదే ప్రాంతంలో ఆడవాళ్లు ముందుండి ‘మాయ్ వీరు’ అనే దుకాణ విధానం తెచ్చుకున్నారు, వాళ్ల భాషలో ‘మంచి తిండి’ అని అర్థం. క్వీన్స్‌లాండులో కేప్ యార్క్ ఆదివాసీ ఆరోగ్య సంస్థ 2017లో ప్రచారం మొదలుపెట్టినప్పుడు నినాదాన్ని పట్నపు ఇంగ్లీషులో రాయలేదు. తమవాళ్లు వీధిలో మాట్లాడుకునే భాషలో, ‘తీపి సీసాలు బొత్తిగా మంచివి కావు, నీళ్లే ఎక్కువ తాగండిరా’ అన్నట్టుగా రాశారు. పోస్టర్లమీద కూడా తమ వూరి మొహాలే. మనలో మనం చెప్పుకుంటే బుద్ధి, పైవాడు చెపితే తిట్టు. ఈ తేడా తెలియని ప్రభుత్వోద్యోగులు మన దగ్గరా చాలామంది వున్నారు.

ఆస్ట్రేలియా ప్రభుత్వం కూడా చివరికి దుకాణం ధరదగ్గరికే రావలసి వచ్చింది. మారుమూల దుకాణాల్లో ముప్ఫై రకాల నిత్యావసరాలు పట్నం ధరకే అమ్మేట్టు సాయం చేస్తామని 2025లో ప్రకటించింది. ఇందులో నీతిబోధ లేదు, ధర వుంది. అందుకే దీన్ని ఆ సైన్యం వ్యవహారంతో కలిపి చూడకూడదు.

మన సంతలో

ఇక మన సంగతి. 2023 మార్చిలో రిలయన్స్ కంపెనీ పాత కాంపా పేరు కొనుక్కుని కొత్త సీసాలు దింపినప్పుడు, మొట్టమొదట దింపింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మార్కెట్లోనే. పదిరూపాయల చిన్న సీసా పెట్టింది. దాంతో మిగతా కంపెనీలూ చిన్న సీసాల పోటీలో పడ్డాయి. పెట్టుబడిదారులు కొట్టుకుంటే సరుకు చవకవుతుంది, జనానికి మేలేగా అనేవాళ్లుంటారు. ఏ సరుకు చవకైందో చూడండి. కందిపప్పు చవకైందా?

2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. మార్చినప్పుడు గ్యాసు పట్టిన సీసాలమీద 40 శాతం పన్ను వేశామని గొప్పగా చెప్పారు. అంతకుముందు పన్నూ సెస్సూ కలిపితే అదే 40. కొత్తగా ఒరిగిందేమీ లేదు. అదే రోజున, గ్యాసు లేకుండా పండ్లరసం పేరుతో అమ్మే పానీయాల పన్నును 12 నుంచి 5కు దించారు. మామిడిపండు బొమ్మ వేసి, లోపల చక్కెర నీళ్లలో కొద్దిగా గుజ్జు కలిపి అమ్మే డబ్బాలు కూడా అందులోనే వస్తాయి. పిల్లలు తాగేవి అవే.

ఇంతకన్నా దారుణం ఒకటి జరిగింది. వాంతులు విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పేరును తగిలించుకుని తీపి పానీయాల్ని మందుల షాపుల్లో అమ్మారు. అసలైన ఓ.ఆర్.ఎస్.లో లీటరుకు పదమూడున్నర గ్రాముల గ్లూకోజు వుండాలి. ఈ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నోరెట్లు. అంత తీపి పోస్తే విరేచనాలు తగ్గవు, పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు దీనిమీద పోరాడితే, 2025 అక్టోబరులో గాని ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించలేదు. వానాకాలంలో ఊటనీరు తాగి విరేచనాలు పట్టే కొండ వూళ్లలో ఎంతమంది తల్లులు ఉన్న డబ్బులన్నీ పెట్టి ఆ డబ్బా కొని బిడ్డ నోట్లో పోశారో! వాళ్లది తెలియనితనమా? డబ్బామీద అక్షరాలు నమ్మినవాళ్లు వాళ్లు. అక్షరాలు రాసినవాడిదీ, రాయనిచ్చినవాడిదీ తప్పు.

కేరళలో ప్లాచిమడ ఆదివాసులు ఈ ప్రశ్నను తిరగేసి అడిగారు. మాకు సీసా అమ్ముతున్నారు సరే, అసలు మా బావి నీళ్లేమయ్యాయి అన్నారు. 2000లో అక్కడ కోకకోలా ఫ్యాక్టరీ పెట్టాక బావులు చెడిపోతున్నాయని 2002 ఏప్రిల్ 22న గేటుముందు కూచున్నారు. ముందున్నది మయిలమ్మ, ఆదివాసీ కూలి మనిషి. 2004 మార్చిలో ఫ్యాక్టరీ ఆగింది. నష్టం 216 కోట్లపైనని రాష్ట్రం వేసిన కమిటీ 2010లో లెక్క తేల్చింది. పరిహారం కోసం అసెంబ్లీ 2011లో చేసిన బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు. మయిలమ్మ 2007లోనే పోయింది.

కూలి సంఘాల్లో పనిచేసే మిత్రులు కొందరు ఇది మన సమస్య కాదంటారు. కూలి రేటు, భూమి, ఆ తర్వాతే తాగే సీసా అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కాని వరికోతల్లో మధ్యాహ్నం పూట చూడండి. కొందరు రైతులు ఒక పెద్ద కూల్‌డ్రింకు సీసా తెచ్చి పదిమందికి గ్లాసుల్లో పోసి, నీళ్ల బిందె తెప్పించే పని తప్పించుకుంటున్నారు. పైగా మర్యాద చేశామంటారు. ఇది బత్తెం కాక మరేమిటి? పనిచోట తాగునీరూ నీడా వుండాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాసి వుండేది. ఎన్నిచోట్ల పెట్టారో మనకు తెలుసు. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేశారు. పని దినాల కోసం కొట్లాడుతూనే నీళ్ల బిందె మాట కూడా బేరంలో పెట్టాలి, కూలి రేటు మాట్లాడిన రోజే, అదే కాగితంమీద.

మొదట చెప్పిన సంతలో మన సంఘం ఆడవాళ్లు ఈ సంక్రాంతి తర్వాత రెండు కుండలు పెట్టారు. ఒకదాంట్లో చోడి అంబలి, ఒకదాంట్లో పల్చటి మజ్జిగ. గ్లాసు ఐదు రూపాయలు, పిల్లలకు రెండు. మొదటి వారం మధ్యాహ్నానికే అయిపోయాయి. రెండోవారం కూల్‌డ్రింకుల కొట్టతను వచ్చి, నా ఫ్రిజ్ పక్కన కాకుండా అవతల పెట్టుకోండమ్మా అని బతిమాలాడు. మూడోవారం ఒక్క కుండే వచ్చింది. సంత దగ్గరి ట్యాంకు మోటారు కాలిపోవడంవల్ల నీళ్లు కొండ వూటనుంచి మోసుకు రావాలి, రానూపోనూ రెండు మైళ్లు. మోటారు కోసం మండలాఫీసులో అర్జీ పెట్టి ఐదు వారాలైంది. వచ్చే సోమవారం సంత వదిలాక ఖాళీ కుండలు తీసుకుని అందరూ ఆఫీసుకు వెళ్లాలని అనుకున్నారు. ఆ ముసలమ్మ తన వూరి నీళ్ల గ్లాసు కూడా తెస్తానంది.